క్షణికావేశానికి గడువు అడుగుతున్న సెనేటర్

అమెరికాలో షాపుకు వెళ్లి తుపాకీ కొనాలంటే ముందు ఒక ఫారం నింపాలి. దాని నంబరు 4473. పేరు, ఊరు, పుట్టిన తేదీ రాశాక వరసగా ప్రశ్నలుంటాయి. పెద్ద నేరమేదైనా చేసి దోషిగా తేలారా? మత్తుమందులు వాడుతున్నారా? ఇంట్లోవాళ్లను కొట్టిన కేసులో శిక్ష పడిందా? ఒక్కోదానికి అవును, కాదు అని టిక్కు పెట్టుకుంటూ పోవాలి. షాపు యజమాని ఆ వివరాలను ఎఫ్‌బీఐ నడిపే వ్యవస్థకు ఫోన్లోనో ఆన్‌లైన్లోనో పంపిస్తాడు. ఎక్కువమందికి నిమిషాల్లోనే 'అమ్మొచ్చు' అని జవాబు వచ్చేస్తుంది. కొందరి పేరు దగ్గర మాత్రం ఏదో పాత కేసు తగులుతుంది. అప్పుడు 'ఆగండి, చూసి చెప్తాం' అంటారు. అలా చూసి చెప్పడానికి చట్టం ఇచ్చిన గడువు మూడు పనిదినాలు. ఈలోపు జవాబు రాకపోతే, అమ్మాలో వద్దో ఇక షాపు యజమాని ఇష్టం.

2015 ఏప్రిల్‌లో సౌత్ కరోలినాలో ఒక యువకుడి విషయంలో అదే జరిగింది. తన దగ్గర మత్తుమందు ఉన్నట్టు అతను అంతకుముందే పోలీసుల దగ్గర ఒప్పుకున్నాడు. ఆ కాగితం దొరికి ఉంటే తుపాకీ దక్కేది కాదు. ఆ కేసు ఏ స్టేషన్‌దో తేలేలోపే మూడు రోజులు గడిచిపోయాయి. ఏప్రిల్ 16న తుపాకీ అతని చేతికొచ్చింది. జూన్ 17 రాత్రి చార్ల్‌స్టన్‌లో నల్లజాతివాళ్ల చర్చికి వెళ్లాడు. బైబిల్ చదువుకుంటున్నవాళ్లు అతన్ని కూడా తమతో కూర్చోబెట్టుకున్నారు. వాళ్లలో తొమ్మిదిమందిని కాల్చి చంపాడు. ఆ తుపాకీ అమ్మకం జరగకుండా ఉండాల్సిందని అప్పటి ఎఫ్‌బీఐ డైరెక్టర్ జేమ్స్ కోమీ తర్వాతి నెలలో బహిరంగంగానే ఒప్పుకున్నారు.

కనెక్టికట్ సెనేటర్ క్రిస్ మర్ఫీ 2013 నుంచి అమెరికా సెనేట్‌లో చేస్తున్న వాదన ఈ మూడు రోజుల్లాంటి సందుల చుట్టూ తిరుగుతుంది. యుద్ధంలో వాడే తరహా రైఫిళ్ల అమ్మకాన్ని ఆపాలన్న డిమాండ్ కూడా ఆయనకు ఉంది. అయితే ఇన్నేళ్ల ప్రసంగాలను, ఆయన పట్టుబట్టిన బిల్లులను ఒకచోట పెట్టి చూస్తే అసలు విషయం వేరేగా కనిపిస్తుంది. మనిషికి ఆవేశం వచ్చిన క్షణానికీ, చేతిలో తుపాకీ పేలే క్షణానికీ మధ్య కొంత సమయం ఉండాలి. ఆ సమయంలో ఎవరో ఒకరు అతన్ని ఒక ప్రశ్న అడగాలి. మన పత్రికల్లో రోజూ కనిపించే 'క్షణికావేశం' అన్న మాటను బాగా అర్థం చేసుకున్న మనిషి వాదన ఇది.

మర్ఫీ ఈ పనిలోకి కావాలని వచ్చినవాడు కాదు. 2012 నవంబర్‌లో ఆయన సెనేట్‌కు గెలిచారు, ఇంకా ప్రమాణ స్వీకారం చేయలేదు. ప్రతినిధుల సభలో ఆయన నియోజకవర్గంలోనే న్యూటౌన్ అనే చిన్న ఊరుంది. డిసెంబర్ 14 ఉదయం ఆ ఊళ్లోని శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో ఇరవై ఏళ్ల యువకుడు ఐదు నిమిషాలు కూడా పట్టని వ్యవధిలో 154 తూటాలు పేల్చాడు. ఇరవైమంది పిల్లలు, ఆరుగురు పెద్దలు చనిపోయారు. చనిపోయిన పిల్లలందరూ ఒకటో తరగతివాళ్లే, ఆరేడేళ్లవాళ్లు. బడికి దగ్గర్లోని ఫైర్ స్టేషన్‌లో తల్లిదండ్రులు గుమిగూడారు. బతికిన పిల్లలు ఒక్కొక్కరే వచ్చి అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని వెళ్లిపోతుంటే గది ఖాళీ అవుతూ వచ్చింది. చివరికి కొన్ని కుటుంబాలే మిగిలాయి. ఇక ఎవరూ రారన్న సంగతి వాళ్లకు అక్కడే తెలిసింది. ఆ రోజు మర్ఫీ ఆ ఫైర్ స్టేషన్ దగ్గరే ఉన్నారు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. కొనేవాడి గతాన్ని తనిఖీ చేసే ఎలాంటి బ్యాక్‌గ్రౌండ్ చెక్ కూడా న్యూటౌన్‌ను ఆపేది కాదు. ఆ తుపాకులు హంతకుడి తల్లివి. ఆమె చట్టప్రకారమే కొనుక్కుంది. అతను ముందు ఆమెనే చంపి, తర్వాత బడికి వెళ్లాడు. మర్ఫీ ప్రత్యర్థులు దీన్ని పదేపదే ఎత్తిచూపారు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ అదే ఘటనలో ఇంకో వివరం ఉంది. కాల్పులు ఒకచోట కాసేపు ఆగాయి. తుపాకీ ఇరుక్కుందో, మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) మార్చుకుంటున్నాడో గానీ, ఆ కొద్ది సెకన్లలో కొందరు పిల్లలు తరగతి గదిలోంచి పరుగెత్తి ప్రాణాలు దక్కించుకున్నారు. అతని దగ్గరున్నవి ముప్ఫై తూటాలు పట్టే మ్యాగజైన్లు. 2013 ఏప్రిల్‌లో కనెక్టికట్ రాష్ట్రం పది తూటాల కంటే ఎక్కువ పట్టే మ్యాగజైన్ల అమ్మకాన్ని నిషేధించింది. ఆ చట్టం వెనకున్న లెక్క సూటిగా ఉంది: తూటాలు తొందరగా అయిపోతే ఆగాలి, ఆగితే పారిపోవడానికి వీలు దొరుకుతుంది. అక్కడా అడుగుతున్నది సమయమే, కాకపోతే సెకన్లలో.

కేంద్ర స్థాయిలో మాత్రం ఆ ఏడాది ఏమీ కాలేదు. షాపుల్లోనే కాకుండా గన్ షోలలో (తుపాకుల సంతల్లో), ఇంటర్నెట్ ప్రకటనల ద్వారా అమ్మే తుపాకులకు కూడా తనిఖీ ఉండాలన్న ప్రతిపాదన 2013 ఏప్రిల్ 17న సెనేట్‌లో ఓటింగ్‌కు వచ్చింది. దాన్ని తయారుచేసింది డెమొక్రాట్ జో మాంచిన్, రిపబ్లికన్ ప్యాట్ టూమీ. అనుకూలంగా 54, వ్యతిరేకంగా 46. మన చట్టసభల లెక్కలో అది గెలుపు. సెనేట్‌లో అడ్డుపడేవాళ్లను దాటి బిల్లు ముందుకు కదలాలంటే 60 కావాలి, కాబట్టి ఓడిపోయింది. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు పైన గ్యాలరీలో కూర్చుని చూస్తుండగానే ఇది జరిగింది.

'అంతమంది చచ్చిపోతుంటే అక్కడ తుపాకులు ఎందుకు ఆపరు?' అని మన ఇళ్లలో అడుగుతుంటారు, ముఖ్యంగా పిల్లలు అక్కడ చదువుకుంటున్న ఇళ్లలో. ఆ ప్రశ్న మన అనుభవంలోంచి పుట్టింది. ఇక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ముందు లైసెన్స్ సంపాదించాలి, పోలీసుల విచారణ జరగాలి, ఎందుకు కావాలో కారణం చెప్పాలి. ఎన్నికల కోడ్ వస్తే లైసెన్స్ ఉన్నవాళ్లు కూడా తుపాకీ తీసుకెళ్లి స్టేషన్‌లో డిపాజిట్ చేస్తారు. అంటే ఇక్కడ తుపాకీ అనేది ప్రభుత్వం అనుమతిస్తే దొరికేది. అక్కడ అది రాజ్యాంగం ఇచ్చిన హక్కు. 1791లో చేర్చిన రెండో సవరణ ఆయుధం ఉంచుకునే హక్కు గురించి చెబుతుంది. అది వ్యక్తులకు ఉన్న హక్కేనని 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పులోనే ఆ హక్కుకు హద్దులుంటాయని, నేరస్తుల చేతుల్లో తుపాకీ లేకుండా చూసే చట్టాల్లాంటివి చెల్లుతాయని కూడా ఉంది. మర్ఫీ నడిచేది ఈ రెండు వాక్యాల మధ్యనే. హక్కును కాదనకుండా, దాని హద్దు ఎక్కడో గీయించాలని చూస్తున్నారు. కోట్ల తుపాకులు ఇప్పటికే ఇళ్లలో ఉన్న దేశంలో వాటన్నిటినీ వెనక్కి తీసుకుంటామన్న మాట ఓట్లు కూడా తేదు, జరిగే పని కూడా కాదు.

2016 జూన్ 12న ఓర్లాండోలోని ఒక నైట్ క్లబ్‌లో 49 మంది హత్యకు గురయ్యారు. మూడు రోజుల తర్వాత, జూన్ 15 ఉదయం పదకొండు దాటాక మర్ఫీ సెనేట్‌లో మాట్లాడటానికి లేచారు. తుపాకీ చట్టాల మీద ఓటింగ్ పెడతామని హామీ ఇచ్చేదాకా కూర్చోనన్నారు. దీన్నే ఫిలిబస్టర్ అంటారు. నియమాల ప్రకారం కూర్చోకూడదు, సభ వదిలి వెళ్లకూడదు. తోటి సభ్యులు ప్రశ్నలు అడిగే పేరుతో మధ్యమధ్యలో మాట్లాడొచ్చు. న్యూజెర్సీ సెనేటర్ కోరీ బుకర్ అంతసేపూ పక్కనే నిలబడ్డారు. అర్ధరాత్రి దాటి రెండు గంటల తర్వాత, దాదాపు పదిహేను గంటలకు మర్ఫీ ఆపారు. ఆపేముందు చివరగా చెప్పింది న్యూటౌన్‌లో చనిపోయిన ఆరేళ్ల బాబు గురించి. ఆ పిల్లవాణ్ణి చూసుకునే సహాయక ఉపాధ్యాయురాలు పారిపోయే ప్రయత్నం చేయలేదు. వాణ్ణి రెండు చేతులతో చుట్టేసి పట్టుకుంది. ఇద్దరూ అలాగే ప్రాణాలు వదిలారు. ఆమెకున్న ధైర్యం పక్కన పెడితే, ఒక ఓటు వేయడానికి ఎంత ధైర్యం కావాలని మర్ఫీ అడిగారు. జూన్ 20న ఓటింగ్ పెట్టారు. నాలుగు ప్రతిపాదనలు వస్తే నాలుగూ ఓడిపోయాయి.

ఆరేళ్లు గడిచాయి. 2022 మే 24న టెక్సాస్‌లోని ఉవాల్డేలో మళ్లీ ఒక ప్రాథమిక పాఠశాల. పంతొమ్మిదిమంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. చంపినవాడికి ఆ నెల 16న పద్దెనిమిదేళ్లు నిండాయి. 17న ఒక రైఫిల్ కొన్నాడు, 20న ఇంకొకటి. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం షాపులో పిస్టల్ కొనడానికి 21 ఏళ్లుండాలి, రైఫిల్‌కు 18 చాలు. వేటకు వెళ్లే పల్లెటూరి కుర్రాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన తేడా అనుకోవచ్చు. కానీ ఈ కాలపు రైఫిల్ ఏం చేయగలదో చూశాక ఆ తేడాకు అర్థం మిగల్లేదు. ఆ సాయంత్రం మర్ఫీ సభలో నిలబడి, మనం ఏం చేస్తున్నాం, ఇందుకు కాకపోతే ఈ పదవుల్లో ఎందుకున్నాం అని అడిగారు. మోకాళ్ల మీద కూర్చుని బతిమాలుతున్నానని సహచరులతో అన్నారు.

ఈసారి బతిమాలటం ఒక్కటే కాదు, బేరం కూడా జరిగింది. టెక్సాస్ రిపబ్లికన్ జాన్ కార్నిన్, నార్త్ కరోలినా రిపబ్లికన్ టామ్ టిలిస్, ఆరిజోనా సెనేటర్ కిర్‌స్టెన్ సినిమా, వీళ్లతో కలిసి మర్ఫీ నెల తిరగకుండా బిల్లు తయారుచేశారు. అందుకు కార్నిన్ చెల్లించిన మూల్యం చిన్నది కాదు. సొంత రాష్ట్రంలో, సొంత పార్టీ మహాసభలో కార్యకర్తలు ఆయన్ను మాట్లాడనివ్వకుండా కేకలు వేశారు. జూన్ 23న సెనేట్‌లో 65–33తో బిల్లు గెలిచింది, పదిహేనుమంది రిపబ్లికన్లు ఓటేశారు. జూన్ 25న అధ్యక్షుడు బైడెన్ సంతకం చేశారు. దాదాపు ముప్ఫై ఏళ్లలో తుపాకుల మీద వచ్చిన మొదటి పెద్ద కేంద్ర చట్టం ఇది.

అందులో ఉన్నవాటిని చూస్తే మర్ఫీ ఇన్నేళ్లూ అడిగిందానిలో ఎంత తెచ్చుకోగలిగారో, ఎంత వదిలేసుకున్నారో రెండూ తెలుస్తాయి. రైఫిల్ వయసు 21కి పెంచలేదు. దాని బదులు, 21 ఏళ్లలోపు వాళ్లు కొంటే వాళ్ల బాల్యంలోని నేర రికార్డు, మానసిక ఆరోగ్య రికార్డు కూడా చూడాలి, అనుమానం వస్తే గడువు మూడు నుంచి పది పనిదినాలు చేయాలి. పెళ్లికాని ప్రియురాలిని కొట్టినవాడు పాత చట్టంలో తప్పించుకునేవాడు, ఎందుకంటే అందులో భార్య, కలిసి ఉంటున్న మనిషి, బిడ్డ తల్లి మాత్రమే ఉన్నారు. ఇప్పుడు ఆ శిక్ష పడితే అతనికీ కనీసం ఐదేళ్లు తుపాకీ కొనే వీల్లేదు. ఇతరుల కోసం తన పేరు మీద తుపాకీ కొనివ్వడం ప్రత్యేక నేరమైంది. లాభం కోసం తుపాకులు అమ్మేవాడికి లైసెన్స్ తప్పనిసరి అన్న నిర్వచనాన్ని బిగించారు. దీని వెనక కూడా ఒక విషాదం ఉంది. 2019లో టెక్సాస్‌లోని మిడ్‌ల్యాండ్–ఒడెస్సాలో ఏడుగురిని చంపినవాడు అంతకుముందు షాపులో తనిఖీలో ఫెయిలయ్యాడు. తర్వాత లైసెన్స్ లేకుండా అమ్మే ఒక వ్యక్తి దగ్గర ఏ తనిఖీ లేకుండా రైఫిల్ కొనుక్కున్నాడు.

చట్టంలో 75 కోట్ల డాలర్లు రాష్ట్రాలకు కేటాయించారు, ముఖ్యంగా 'రెడ్ ఫ్లాగ్' చట్టాలు అమలు చేసేవాళ్లకు. మర్ఫీ వాదనలో అన్నిటికంటే బలమైన భాగం ఇదేనని చెప్పాలి. ఒక మనిషి తననో ఇతరులనో చంపుతానంటున్నాడని ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. పోలీసులకు చెబుతారు, వాళ్లు కోర్టుకు వెళ్తారు, జడ్జి ఒప్పుకుంటే కొంతకాలం పాటు అతని తుపాకులు తీసుకెళ్లి భద్రపరుస్తారు. గడువు తీరాక ప్రమాదం లేదనిపిస్తే తిరిగి ఇచ్చేస్తారు. దీన్ని దేశంలో మొదట తెచ్చింది కనెక్టికటే, 1999లో. ఫ్లోరిడాలో 2018లో పార్క్‌లాండ్ హైస్కూలు హత్యల తర్వాత రిపబ్లికన్ గవర్నర్ రిక్ స్కాటే ఇలాంటి చట్టం మీద సంతకం చేశారు. ఇప్పుడు ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఉంది. కనెక్టికట్ రికార్డులు పరిశీలించిన పరిశోధకుల అంచనా ప్రకారం ఇలా పది నుంచి ఇరవైమంది తుపాకులు తీసుకుంటే ఒక ఆత్మహత్య తప్పుతోంది.

ఆత్మహత్య అనగానే చాలామంది ఇది తుపాకీ సమస్య కాదు, మనసు సమస్య అంటారు. అంకెలు వేరే చెబుతున్నాయి. 2022లో అమెరికాలో తుపాకీతో చనిపోయినవాళ్లు 48,204 మంది. వాళ్లలో 27,032 మందివి ఆత్మహత్యలు, అంటే సగం కంటే ఎక్కువ. టీవీలో కనిపించే సామూహిక హత్యలు ఈ లెక్కలో చాలా చిన్న భాగం. తుపాకీతో ప్రయత్నించినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది దాకా చనిపోతారు. వేరే దారుల్లో ప్రయత్నించి బతికినవాళ్లలో అత్యధికులు మళ్లీ ఆ పని చేయరు. ఇది తెలుగు పల్లెలకు తెలియని సంగతి కాదు. మన దగ్గర తుపాకీ ఉండదు, పురుగుమందు డబ్బా ఉంటుంది. ఇంట్లో మాటా మాటా వచ్చిన సాయంత్రం అది పశువుల కొట్టంలోనో వంటింటి చూరు కిందో చేతికి అందేలా ఉండటమే ఎన్ని ప్రాణాలు తీసిందో వ్యవసాయ కుటుంబాలకు చెప్పక్కర్లేదు. శ్రీలంక అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చింది. 1995 తర్వాత పదేళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి పడిపోయింది. బాధలు సగం కాలేదు, అప్పులు సగం కాలేదు. ఆ క్షణంలో చేతికి అందేది మారింది.

పిస్టల్ కొనడానికి ముందే పర్మిట్ ఉండాలన్న చట్టం గురించి కూడా మర్ఫీ తరచూ చెబుతారు. కనెక్టికట్‌లో 1995 నుంచి పిస్టల్ కొనాలంటే స్థానిక పోలీసుల దగ్గరకు వెళ్లి వేలిముద్రలివ్వాలి, శిక్షణ తీసుకోవాలి. మొదటి పదేళ్లలో ఈ చట్టం తుపాకీ హత్యలను 40 శాతం తగ్గించి ఉంటుందని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2015లో అంచనా వేశారు. తర్వాత ఇంకా పొడవైన కాలానికి వేసిన లెక్కలో అది 28 శాతానికి తగ్గింది. ఈ రెండో అంకెను కూడా చెప్పడమే న్యాయం. 28 అయినా చిన్నది కాదు. మిస్సోరి 2007లో ఇలాంటి పర్మిట్ చట్టాన్నే ఎత్తేస్తే అక్కడ తుపాకీ హత్యలు పెరిగాయని అదే పరిశోధకులు చూపించారు.

వ్యతిరేకించేవాళ్లంతా మొండివాళ్లని అనుకోవడం తప్పు. పోలీసు కారు రావడానికి ముప్పావుగంట పట్టే పల్లెల్లో ఒంటరిగా ఉండే మనిషికి తుపాకీ ధైర్యం. రాత్రిపూట గ్యాస్ స్టేషన్లు, చిన్న దుకాణాలు నడిపే మనవాళ్లలో కూడా అలా తుపాకీ ఉంచుకున్నవాళ్లున్నారు. జడ్జి ఒక్క దరఖాస్తు చూసి ఆస్తి తీసుకెళ్లమంటే, తప్పుడు ఫిర్యాదు సంగతేమిటన్న భయం కూడా అర్థమయ్యేదే. అందుకే విచారణ, గడువు, తిరిగి ఇవ్వడం, ఈ మూడూ చట్టంలో గట్టిగా ఉండాలి. ఎక్కువగా వినిపించే ఇంకో మాట, 'నేరం చేసేవాడు చట్టం చూస్తాడా' అన్నది మాత్రం నిలబడేది కాదు. ఉవాల్డే హంతకుడు పద్దెనిమిది నిండేదాకా ఆగాడు. చార్ల్‌స్టన్ హంతకుడు షాపుకెళ్లి ఫారం నింపాడు. వాళ్లిద్దరూ నడిచింది చట్టం తెరిచి ఉంచిన దారిలోనే.

2022 చట్టం వచ్చాక అమెరికాలో హత్యలు గట్టిగా తగ్గాయి. ఎఫ్‌బీఐ లెక్కల ప్రకారం 2023లో పదకొండు శాతానికి పైగా, 2024లో పదిహేను శాతం దగ్గర. మర్ఫీ ఇందులో కొంత తన చట్టానికి జమ వేసుకుంటారు. కొంత న్యాయమే కావచ్చు. కానీ కరోనా కాలంలో ఎగిసిన హింస చల్లబడటం కూడా అందులో ఉంది, దేన్ని ఎంతకు లెక్కేయాలో విడదీయడం తేలిక కాదు. మరోవైపు ఆ చట్టం ఇచ్చిన డబ్బు నిలకడగా లేదు. బడుల్లో పిల్లల మానసిక ఆరోగ్యానికి కౌన్సెలర్లను పెట్టుకోవడానికి ఇస్తున్న సుమారు వంద కోట్ల డాలర్ల గ్రాంట్లను ఆపేస్తున్నట్టు 2025 ఏప్రిల్‌లో కేంద్ర విద్యాశాఖ ప్రకటించింది. 'ఇది తుపాకీ సమస్య కాదు, మానసిక సమస్య' అని చెప్పే రిపబ్లికన్ పార్టీ ప్రభుత్వమే ఆ కౌన్సెలర్ల డబ్బు ఆపడం బాధ కలిగించే విషయం.

కోర్టుల సంగతి కూడా ఊగుతూనే ఉంది. సెనేట్ బిల్లు ఆమోదించిన రోజే, 2022 జూన్ 23న, సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో తుపాకీ చట్టాలు దేశ చరిత్రలోని సంప్రదాయానికి సరిపోవాలని కొత్త కొలత పెట్టింది. దాంతో దిగువ కోర్టుల్లో చాలా చట్టాలు సవాలుకు వచ్చాయి. రెండేళ్ల తర్వాత రహీమీ కేసులో అదే కోర్టు 8–1తో, గృహహింస కేసులో కోర్టు నిషేధం ఉన్నవాడి దగ్గర తుపాకీ ఉండకూడదన్న చట్టాన్ని నిలబెట్టింది. ప్రమాదకరమని తేలిన మనిషి నుంచి కొంతకాలం ఆయుధాన్ని దూరం పెట్టొచ్చన్న మర్ఫీ మాటకు ఇది ఆసరా.

ఆయన వాదన నెగ్గని చోటు తెలుగువాళ్లకు బాగా తెలిసిన చోటే. డాలస్ ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, అలెన్, ఈ ఊళ్లలో వేల తెలుగు కుటుంబాలున్నాయి. 2023 మే 6 శనివారం అలెన్‌లోని అవుట్‌లెట్ మాల్‌లో ఒకడు ఎనిమిదిమందిని కాల్చి చంపాడు. వాళ్లలో హైదరాబాద్ నుంచి వెళ్లి అక్కడ ఇంజనీరుగా పనిచేస్తున్న యువతి ఒకరు. హంతకుడికి 33 ఏళ్లు, కాబట్టి వయసు చట్టం అతన్ని ఆపేది కాదు. అయినా ఆ సోమవారం, మే 8న, ఆస్టిన్‌లోని టెక్సాస్ శాసనసభ భవనానికి ఉవాల్డే తల్లిదండ్రులు మళ్లీ వచ్చారు. అలాంటి రైఫిళ్లు కొనే వయసును 18 నుంచి 21కి పెంచే బిల్లు కమిటీలో నెలలుగా పడి ఉంది. పెట్టినవారు ఉవాల్డే ప్రాంతపు ఎమ్మెల్యే ట్రేసీ కింగ్. బిల్లును ఓటింగ్‌కు పెట్టమని వాళ్లు నినాదాలు చేశారు. ఆ మధ్యాహ్నం కమిటీ 8–5తో ఆమోదించింది, ఇద్దరు రిపబ్లికన్లు కూడా చెయ్యెత్తారు. పిల్లల ఫొటోలు పట్టుకుని వచ్చిన తల్లులు అక్కడే ఏడ్చేశారు. కానీ సభ అజెండాలోకి బిల్లులు చేర్చే చివరి గడువు మర్నాడు రాత్రితో ముగిసిపోయింది. ఈ బిల్లును అందులో చేర్చలేదు. టెక్సాస్‌లో రైఫిల్ కొనే వయసు పద్దెనిమిదిగానే ఉండిపోయింది.